నూటికి నూరు శాతం జాగ్రత్త

ఏ సంస్థకైనా దొంగల వల్ల కలిగే నష్టం కంటే, దొంగలున్నారు జాగ్రత్త అని చెప్పేవాళ్ల వల్ల కలిగే అవమానమే పెద్దది. ఈ సత్యం నీటి సరఫరా కార్యాలయానికి కాస్త ఆలస్యంగా బోధపడింది.

లాటరీ తగిలిందన్న ఈమెయిల్‌ను ఎవరో నొక్కడంతో వారంపాటు కంప్యూటర్లన్నీ మూగబోయాయి. ఎవరు నొక్కారో తేలలేదు (అందరూ నొక్కారు కనుక). బాధ్యత మాత్రం కంప్యూటర్ల విభాగం చూసే కంప్యూటరమ్మ మీద తేలింది. ఇలాంటి మెయిళ్లకు మోసపోకుండా శిక్షణ ఇచ్చే కంపెనీని కమిటీ చేత ఎంపిక చేయించి, గడువులోగా సిబ్బంది మొత్తాన్ని పాస్ చేయించాలి. లేదంటే ఏళ్లుగా ఊరిస్తున్న ప్రమోషన్‌కు నీళ్లొదులుకోవాలి (నీళ్ల ఆఫీసు కనుక ఆ సౌకర్యం ఉంది).

మొదటి కంపెనీ ముందుగానే ఒక ఉత్తుత్తి మెయిల్ వదిలింది: "మీ కొత్త కుర్చీ రంగు ఎంచుకోండి." పెద్దసారు మెరూన్ ఎంచుకుని, అడిగిందే తడవుగా పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశారు.

"అది పరీక్షండీ సార్," అంది కంప్యూటరమ్మ.

"అంటే కుర్చీ రాదా?"

"రాదండీ. కానీ మనవాళ్లు ఎక్కడ బోర్లాపడతారో ఇట్టే కనిపెట్టేశారు. వీళ్లనే తీసుకుందామండీ."

"అందుకేనమ్మా వద్దంటున్నది!"

రెండో కంపెనీ అందరినీ గంటసేపు కూర్చోబెట్టి పాఠం చెబుతానంది. "మరి మేం పనెప్పుడు చేసుకోవాలమ్మా?" అన్నారు అకౌంట్స్ ఆయన, పేకముక్కలు కలుపుతూ.

మూడో కంపెనీ పాఠంలో 'తరువాత' అనే బటన్ నొక్కుకుంటూ పోతే చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. కమిటీ ఏకగ్రీవంగా పులకించింది.

తీరా చూస్తే, నొక్కడానికి ఎవరికీ తీరిక లేదు.

"ఆ చేత్తోనే నాది కూడా నువ్వే నొక్కెయ్యమ్మా," అని పెద్దసారు తన పాస్‌వర్డ్ చెప్పేశారు. మహాజనో యేన గతః స పంథాః అన్నారు కదా, మిగతావాళ్లూ వరస కట్టారు. (అకౌంట్స్ ఆయన పాస్‌వర్డ్, పెద్దసారును తిట్టే తిట్టు.) 'పాస్‌వర్డ్ కన్నతల్లికైనా చెప్పరాదు' అన్న మొదటి పాఠాన్ని కంప్యూటరమ్మ అందరి తరఫునా శ్రద్ధగా దాటించింది. ఆఖరివాళ్లది అయ్యేసరికి గడువు ముగిసింది. ఆమెది మిగిలిపోయింది.

మర్నాడే మెమో తయారైంది: 'ఈ కార్యాలయంలో జాగ్రత్త లేని ఏకైక వ్యక్తి మీరే. మీ ప్రమోషన్ నిలిపివేయడమైనది.'

మెయిల్ పంపడం పెద్దసారుకు చేతకాదు. అందుచేత కంప్యూటరమ్మే ఆయన పాస్‌వర్డ్ కొట్టి, ఆ మెమోలో రెండు అక్షరదోషాలు సరిదిద్ది, తనకు తానే పంపుకుంది.