జడ్జిగారి ఎడమకాలు

నటుడికి సొంత తెలివి ఉండకూడదు! ఉంటే నాటకం పాడైపోతుంది. పదకొండేళ్ళుగా ఒకే నాటకంలో ఒకే జడ్జి వేషం వేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. నవ్వకండి.

ఆ వేషం మొదట కట్టింది మా నాటక సమాజంలో పెద్దాయన. మొదటి ప్రదర్శననాడు బూట్లు కనబడక, తెరవెనక డైలాగులందించే ప్రాంప్టర్ బూట్లు తొడుక్కున్నాడట. ఒక సైజు తక్కువ. ఎడమకాలు కుంటుకుంటూ వచ్చాడు. విగ్గులో దుమ్ముకి, తీర్పు చెప్పబోతూ తుమ్మాడు. ఆ తుమ్ముతో డైలాగు మరిచిపోయి, సీలింగ్ ఫ్యాను చూస్తూ నిలబడ్డాడు. హాలు దద్దరిల్లిపోయింది! కుంటేది న్యాయమట, తుమ్మింది అంతరాత్మట. పేపర్లో రాశారు.

అంతే! తర్వాత ఆ వేషం వేసిన ఇద్దరూ కుంటుతూ వచ్చారు, తుమ్మారు, ఫ్యాను చూశారు. నేనూ అంతే. ఎంత హాయో ఆలోచించండి! జడ్జి మనసులో ఏముందో, తీర్పు చెబుతూ బాధపడ్డాడో లేదో అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. తుమ్ముకి చిటికెడు మిరియాలపొడి చాలు. కొత్త హాల్లో ఏసీలే తప్ప ఫ్యాన్లు లేవు. నేను చూడ్డానికని ఒకటి అద్దెకి తెచ్చి వేలాడదీశారు. అది తిరగదు. తిరిగి ఎవరిని ఉద్ధరించాలి?

మొన్న మా ఎనిమిదేళ్ళ అమ్మాయి నాటకానికి వచ్చింది. వెనకసీటు వాళ్ళు "అచ్చం మొదటాయనలాగే చేశాడు" అని మెచ్చుకున్నారట. ఇంటికొస్తూ అడిగింది, "మరి నీలాగా ఎప్పుడు చేస్తావు నాన్నా?"

మర్నాడే డైరెక్టర్‌గారిని బతిమాలాను.

"ఒక్క షోలో మామూలుగా నడుస్తానండీ. మా అమ్మాయి చూస్తుంది."

"పిచ్చా నీకు? నువ్వలా నడిచొస్తే జడ్జిగారింకా రాలేదేంటని అడుగుతారయ్యా జనం!"

నిజమే కదా!

ఇంతలో నాటకానికి పాతికేళ్ళు నిండాయి. ఆ ఒక్కరోజుకీ పెద్దాయనే జడ్జి అన్నారు ఉత్సవ కమిటీవాళ్ళు. రిహార్సల్లో ఆయన చక్కగా నడిచొచ్చి, తుమ్మకుండా, గొంతు వణుకుతుంటే తీర్పు చెప్పాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కమిటీవాళ్ళు మాత్రం ముఖముఖాలు చూసుకున్నారు. పాపం, వయసైపోయి పాత్ర మరిచిపోయాడన్నారు! నేర్పే పని నాకు అప్పగించారు.

పెద్దాయన బుద్ధిగా నిలబడి అడిగాడు, "ఏ కాలు బాబూ?"

"ఎడమదండీ."

ప్రదర్శననాడు మా అమ్మాయి పక్కనే కూర్చున్నాను. పెద్దాయన కుంటుతూ వచ్చాడు, తుమ్మాడు, ఫ్యాను చూశాడు. జనమంతా లేచి చప్పట్లు. మా అమ్మాయి మాత్రం లేవలేదు. మూతి ముడుచుకుని అంది, "నాన్నా, ఈ తాత అంతా నీలాగే చేశాడు!"

ఆ మొదటాయన ఈ తాతేనని నిజం చెప్పాల్సింది. తండ్రిగా అది నా బాధ్యత. కానీ వెనకసీట్లో, అమ్మాయి ఇందాకే చూపించింది, మళ్ళీ ఆ మెచ్చుకున్నవాళ్ళే ఉన్నారండీ!

"ఏమిటమ్మా? సరిగ్గా వినబడలేదు" అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది.