ఆరా అత్తయ్యకు నయమైపోయింది

ఊరి ప్రజలకు ఆసుపత్రి యాజమాన్యం సంతోషంతో తెలియజేయునది ఏమనగా, ఈ నెల ఒకటో తేదీ నుంచి ఊళ్ళో దిగులు పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఇంకా ఎవరికైనా దిగులుగా అనిపిస్తే అది వారి సొంత అభిప్రాయమే గాని, ఆసుపత్రి లెక్కలకు దానితో సంబంధం లేదు.

ఈ ప్రకటన రాసింది నేనే. ఆసుపత్రిలో ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. ‘లిఫ్టు పనిచేయదు, మెట్లు వాడుకోండి’ దగ్గర్నుంచి ‘దిగులు అదుపులోకి వచ్చింది’ దాకా అన్నీ నా చేతి మీదుగా పోవలసిందే. కాబట్టి ఇంతటి ఘనకార్యం ఎలా జరిగిందో చెప్పడానికి నాకన్నా తగినవాడు లేడని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా మానసిక ఆరోగ్య విభాగం మొదటి అంతస్తులో, కళ్ళ విభాగం పక్కనే ఉంది. రెండు తలుపులకూ కలిపి వరండాలో ఒకటే పొడవాటి చెక్క బెంచీ. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గాని మన జనం సంగతి ఆయనకు బాగా తెలుసు. బెంచీ మీద ఎవరిని కదిపినా “కళ్ళకి వచ్చానండీ” అంటారు. తెలిసినవాళ్ళు ఎదురైతే కళ్ళు నులుముకుంటారు. పేరు పిలవగానే అటూ ఇటూ చూసి, దారి తప్పినట్టు రెండో తలుపులోకి జారుకుంటారు. ఈ రద్దీ చూసి ఒక కళ్ళజోళ్ళ వ్యాపారి ఆసుపత్రి ఎదురుగా దుకాణం తెరిచాడు. ఆర్నెల్లు ఈగలు తోలుకుని, ఇంతమందికి కళ్ళు కనబడకపోతే ఒక్కడూ జోడు కొనడేమిటని జుట్టు పీక్కుని, చివరికి తనే కళ్ళకి వచ్చానంటూ బెంచీ ఎక్కాడు.

అటువంటి రోజుల్లో మాకు సమాచార విభాగాధిపతిగారు దొరికారు. దొరికారనే అనాలి. అంతటివారు మామూలుగా రారు. వచ్చిన రోజే అందరినీ సమావేశపరిచి ఉపన్యసించారు.

“మిత్రులారా! ఇంట్లో లంకెబిందెలు పెట్టుకుని మనం వీధిలో చెయ్యి చాస్తున్నాం. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏ తలుపులోకి దూరారు, ఏ మాత్ర మింగారు, అంతా మన కంప్యూటర్లలో ఏళ్ళ తరబడి మూలుగుతోంది. ఇక రోగిని అడగాల్సిన పనేముంది? రోగి అబద్ధమాడతాడు. కళ్ళకి వచ్చానంటాడు. డేటా అబద్ధమాడదు. ఈ క్షణం నుంచి ఈ విభాగంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదు!”

చప్పట్లు మోగాయి. మనసు డాక్టరుగారు కూడా చప్పట్లు కొట్టి, ఆ తర్వాత సందేహం వచ్చి, “మరి నేనేం చెయ్యాలండీ?” అన్నారు. “తెర చూడండి” అన్నారు అధిపతిగారు. ఆనాటి నుంచీ డాక్టరుగారు తెర చూస్తున్నారు, రోగి డాక్టరుగారి చెవి చూస్తున్నాడు. ఎంత కాలం ఆదా అయిందో చెప్పలేను.

సమాచార విభాగంలో రెండు బల్లలు వేశారు. మొదటి బల్ల అధికారి పని సేవల మెరుగుదల, రెండో బల్ల అధికారి పని దుబారా నివారణ. ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చునేవారు గాని, ఒకరి తెర ఒకరు చూడటం నిబంధనలకు విరుద్ధం.

నెల తిరక్కుండానే మొదటి బల్ల ఒక వింత కనిపెట్టింది. సోమ, బుధ, శుక్రవారాల్లో నిద్రమాత్రల వాడకం సగానికి సగం పడిపోతోంది! ఆ రోజుల్లో వచ్చినవాళ్ళు మళ్ళీ రావడం కూడా తక్కువ. ఆ మూడు రోజుల్లో ఏముంది? వరండాలో ఫ్యాను బాగా తిరుగుతోందా? టీ కొట్టువాడు పాలు చిక్కగా పోస్తున్నాడా? మందుల కౌంటరు ఉద్యోగి సెలవు పెడుతున్నాడా? నిపుణులు తలలు బద్దలు కొట్టుకున్నారు.

అదే వారం రెండో బల్ల కూడా ఒకటి కనిపెట్టింది. ఒక మనిషి ఆసుపత్రిలో ఉన్న తలుపులన్నీ తిరిగేస్తోంది. పన్ను, చెవి, చర్మం, గొంతు, మళ్ళీ పన్ను. సోమ, బుధ, శుక్రవారాల్లో తప్పకుండా హాజరు. ఈ లెక్కన ఊళ్ళో అందరికంటే పెద్ద రోగి ఆవిడే. పరీక్షిస్తే ఏ రోగమూ లేదు.

ఆవిడే మా ఆరా అత్తయ్య. సొంత అత్తయ్య ఎవరికీ కాదు. కనబడ్డవాళ్ళందరి ఆరా తీస్తుంది గనక ఆ పేరు స్థిరపడింది. వయసు అరవై దాటింది. భర్త పోయాక కొడుకు ఇంట్లో ఉంటోంది. కొడుకు మంచివాడు, కోడలు అంతకన్నా మంచిది. ఇద్దరూ పొద్దున్నే పనులకు వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. వచ్చాక ఫోన్లు చూసుకుంటూ, అమ్మకు ఏ లోటూ రాకూడదని తలెత్తకుండానే అనుకుంటారు. వారానికి మూడు రోజులు కొడుకు కారు ఆసుపత్రి మీదుగా వెళ్తుంది. మొదటిసారి ఆవిడ ఎడమ మోకాలి నొప్పితో వచ్చింది. ఆ నొప్పి నిజమైనదే. దానికి మాత్రలిచ్చారు, తగ్గలేదు. కానీ తిరిగి వెళ్ళేటప్పుడు మెట్లు దిగలేక, కాసేపు కూర్చుందామని ఆ బెంచీ మీద కూర్చుంది. అంతే, ఇక లేవలేదు. ఆనాటి నుంచీ ఏదో ఒక విభాగానికి చీటీ రాయించుకుని లోపలికి రావడం, వచ్చి ఆ బెంచీ ఎక్కడం.

“ఏమ్మా, మొహం అలా వేలాడేశావేం?”

“ఏం లేదండీ, కళ్ళకి వచ్చాను.”

“కళ్ళకా! రాత్రంతా ఏడ్చి పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికొస్తే ఆయనేం చేస్తాడు, తుడుస్తాడా? కాస్త జరుగు తల్లీ, చోటివ్వు. ఇప్పుడు చెప్పు, ఎవరేమన్నారు?”

ఇలా ఉండేది వరస. ఆవిడ గొప్ప శ్రోత అని పొరపాటు పడకండి. ఎదుటివాళ్ళు నాలుగు మాటలు చెబితే తను నలభై చెప్పేది. జీతమెంత, ఇల్లు సొంతమా, ఇంకా పెళ్ళెందుకు కాలేదు, అన్నీ కావాలి. ఇచ్చే సలహాల్లో సగం పనికిరానివి, మిగతా సగం ప్రమాదకరమైనవి. ఒక బ్యాంకు ఉద్యోగితో “మానెయ్యి నాయనా ఆ దిక్కుమాలిన ఉద్యోగం” అంది. మరుసటి వారం అతను మానేస్తానని వస్తే “నీకేమైనా మతి పోయిందా, ఎవడు మానెయ్యమన్నాడు?” అని కేకలేసింది. అతను నవ్వి నవ్వి, ఉద్యోగమూ మానలేదు, మాత్రలూ తీసుకోలేదు. కళ్ళజోళ్ళ వ్యాపారికైతే తన పేరు పిలిచినా వినబడలేదు. అప్పుడతను అత్తయ్యతో తన మావగారి గురించి దెబ్బలాడుతున్నాడు.

ఇదంతా దుబారా కాక మరేమిటి? రెండో బల్ల అధికారి ‘అనవసర సందర్శకుల తగ్గింపు పథకం’ కింద ఆవిడ పేరు ఎదురుగా ‘నయమైంది’ అని నొక్కాడు. అదేమంత కష్టమైన వైద్యం కాదు, ఒక్క వేలు చాలు. మాత్రలు ఇంటికే పంపే ఏర్పాటు జరిగింది. ఫోన్లో ఐదు బొమ్మ మొహాలు కూడా పంపారు, ఏ రోజు ఎలా ఉంటే ఆ మొహం నొక్కుకోవచ్చు. ఆ సోమవారం గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడను ఆపాడు.

“అత్తయ్యా, మీరు లోపలికి రాకూడదటండీ. మీకు నయమైపోయిందట.”

“ఎవరన్నారు?”

“కంప్యూటర్లో పడిందండీ.”

“నాకు నయమైతే ముందు నాకు తెలియద్దుటయ్యా?” అంది ఆవిడ. “సరేలే, నిన్నని ఏం లాభం. నీ కూతురికి జ్వరం తగ్గిందా?”

“తగ్గిందండీ, బడికి కూడా వెళ్తోంది.”

“పోన్లే, చల్లటి మాట చెప్పావు” అని వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని ఎడమ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళింది. ఆవిడకు వెళ్ళడానికి ఊళ్ళో ఇంకో చోటు లేదు. ఆ సంగతి నమోదు చేయడానికి మా కంప్యూటర్లో గడి లేదు.

రెండో బల్ల అధికారికి శాలువా కప్పారు. అభినందన పత్రం నేనే రాశాను.

ఆ తర్వాత ఏమైందో గాని మూడు మంచిరోజులూ మాయమైపోయాయి. నిద్రమాత్రలు అన్ని రోజులూ ఒకే తీరున ఖర్చవడం మొదలైంది. మొదటి బల్ల అధికారి లబోదిబోమన్నాడు. ఫ్యాను మార్చారు. గోడలకు ఆశావాద వర్ణం వేశారు. అది లేత ఆకుపచ్చ అని మీరంటే మీ ఇష్టం. టీ కొట్టువాణ్ణి పిలిచి పాల చిక్కదనం మీద వాంగ్మూలం తీసుకున్నారు. చివరికి బెంచీ మీద అనుమానం వచ్చి దాన్ని పీకించి, గోప్యత కోసం విడి కుర్చీలు వేయించారు. ఒకరి మొహం ఒకరికి కనబడకుండా అన్నీ గోడ వైపు తిప్పారు. మాత్రల వాడకం రెట్టింపైంది. మందుల కంపెనీవాళ్ళు మాత్రం చాలా మర్యాదస్తులు, అందరికీ డైరీలు పంచారు.

వార్షిక సదస్సు రోజు ప్రొజెక్టరు ఒకటి చెడిపోవడం వల్ల రెండు బల్లల గీతలనూ ఒకే తెర మీద చూపించవలసి వచ్చింది. ఒక గీత నేలకు కూలిన చోటే రెండోది ఆకాశానికి లేచింది. ఆరా అత్తయ్య మానేసిన రోజే మాత్రలు పెరిగాయి. అధిపతిగారు గొంతు సవరించుకుని, “ఇదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది!” అన్నారు.

అన్నదే తడవుగా ‘సంభాషణ సహాయకురాలు’ అనే కొత్త ఉద్యోగం సృష్టించారు. అత్తయ్యకు కబురు వెళ్ళింది. ఇంటర్వ్యూకు ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. మినిట్స్ రాయడానికి నేనొక మూల. ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కి, రొప్పుతూ లోపలికొచ్చి, కుర్చీలో కూలబడింది. పెద్దలు వాచీలు చూసుకున్నారు.

“మీ పద్ధతి ఏమిటి?” అన్నారు అధిపతిగారు.

“నాకేం పద్ధతి నాయనా! కూర్చుంటాను, అడుగుతాను. అది సరే గాని, నీ కళ్ళ కింద ఆ నలుపేమిటి? నిద్రపోయి ఎన్నాళ్ళయింది?”

“అది ఇప్పుడు చర్చనీయాంశం కాదు.”

“కాదు గాని, భోంచేశావా?”

అధిపతిగారు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశారు. ఆయన భోంచేశారో లేదో అడిగినవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరట. తర్వాత వచ్చిన మాటలన్నీ మినిట్స్‌లో రాయవద్దన్నారు గనక ఇక్కడా రాయను. ఆవిడ, ఆయన పక్కనున్న జమాఖర్చుల అధికారి చొక్కాకు వేరే రంగు గుండీ ఉండటం చూసి “అమ్మాయి పుట్టింటికి వెళ్ళిందా?” అంది. ఆయన బల్ల మీద తల వాల్చేశాడు. మనసు డాక్టరుగారు, ఏడాదిగా ఒక్క ప్రశ్నా అడగనివ్వలేదన్న ఉక్రోషంతో, అందరికంటే ముందే ఏడవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాటినా ఇంటర్వ్యూ ముగియలేదు. ఆవిడ బల్ల అంచు పట్టుకుని మూడో ప్రయత్నానికి లేవగలిగింది గాని, కళ్ళు తుడుచుకునే హడావిడిలో ఎవరూ గమనించలేదు. ఐదుగురూ బయటికొస్తుంటే నర్సు కంగారుపడి ఏమైందని అడిగింది. “కళ్ళకి చుక్కలు వేయించుకోవాలమ్మా” అన్నారు ముక్తకంఠంతో.

ఫలితం సాయంత్రానికి వచ్చింది. ‘అభ్యర్థి అడిగినదానికి జవాబు చెప్పకుండా తిరిగి ప్రశ్నలు అడిగినందున, ఆ ప్రశ్నలలో ఒక్కటీ ప్రామాణిక ప్రశ్నావళిలో లేనందున, తగిన డిగ్రీ కూడా లేనందున తిరస్కరించడమైనది.’ అయితే మావాళ్ళు కృతఘ్నులు కారు. ఇంటర్వ్యూలో రికార్డయిన ఆవిడ గొంతును జాగ్రత్తగా కత్తిరించి, అతికించి ‘ఆరా యంత్రం’ తయారుచేశారు. బిస్కెట్ డబ్బా అంత ఉంటుంది. ప్రతి కుర్చీకీ ఒకటి బిగించారు. మీట నొక్కితే “ఏమ్మా, మొహం అలా వేలాడేశావేం?” అని అడుగుతుంది. జవాబు విని, “మీ స్పందన నమోదైంది, ధన్యవాదాలు” అంటుంది. ఇక నుంచి దిగులును దానికి అందిన స్పందనలను బట్టే లెక్కించాలని ఉత్తర్వులొచ్చాయి. డబ్బాతో మాట్లాడటానికి జనం సిగ్గుపడ్డారు, ఎవరూ మీట నొక్కలేదు. ఒకటో తేదీకల్లా దిగులు సున్నా. మొదట్లో చెప్పిన ప్రకటన ఆ సందర్భంగా రాసిందే. అధిపతిగారికి పురస్కారం వచ్చింది. అందుకోవడానికి వెళ్తూ నిద్రమాత్రలు మర్చిపోయారని ఇంటి నుంచి మనిషిని పంపి తెప్పించుకున్నారు.

ఈ విజయంతో ఇళ్ళల్లో పెట్టుకునేందుకు చిన్న నమూనా కూడా విడుదల చేశాం. మొట్టమొదట కొన్నది ఎవరనుకున్నారు? ఆరా అత్తయ్య కొడుకే. అమ్మకు తోడుగా ఉంటుందని కొన్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా. ఇళ్ళ నుంచి వచ్చే స్పందనలు ప్రకటనల్లో వాడుకోవడానికి నా బల్ల మీదికొస్తాయి. యంత్రాంగం మొత్తానికి అందిన మొట్టమొదటి స్పందన అదే. ఆవిడ గొంతే ఆవిణ్ణి అడుగుతుంది, “ఏమ్మా, మొహం అలా వేలాడేశావేం?” అని. తర్వాత ఆవిడ మాట్లాడుతుంది.

“మోకాలమ్మా. ఎడమది. ఆసుపత్రికి మొదట వచ్చింది దానికే. రాత్రిళ్ళు మరీ పోటు పెడుతుంది. ఎవరికి చెప్పను? ఇన్నాళ్ళకి అడిగిన దానివి నువ్వొక్కదానివే తల్లీ. నువ్వు భోంచేశావా?”

“మీ స్పందన నమోదైంది, ధన్యవాదాలు.”

ఆవిణ్ణి ‘సంతృప్తి చెందిన వినియోగదారు’ల జాబితాలో మొదటి స్థానంలో చేర్చాం.

పాఠక మహాశయులకు చివరిగా ఒక మనవి. గృహ నమూనాకు గిరాకీ మేము అనుకోనంతగా ఉంది. అమ్మ కోసమని, అత్తగారి కోసమని, పెద్దక్క కోసమని మీలో చాలామంది ఇప్పటికే పేరు నమోదు చేసుకున్నారు. దయచేసి తోసుకోవద్దు, ఇంటికొకటి చొప్పున అందరికీ అందుతుంది. అందేలోపు ఆ ప్రశ్న మీరే అడగాల్సి వస్తుందేమోనని కంగారు పడకండి. ఇన్నేళ్ళూ అడక్కుండానే గడిచిపోయింది కదా, ఇంకో నెలకి ఏం మునిగిపోతుంది?