సెలవు చీటీ మీద నాన్న సంతకం

సోమవారం పొద్దున ఆరున్నరకు గుమాస్తా బల్ల ముందు కూర్చుని, కూతురు సెలవులకు ఇంటికి రావడానికి ఒక పథకం గీశాడు. పెద్ద పథకమేమీ కాదు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు హాస్టల్ గేటు, మూడు గంటలకు బస్సు, ఎనిమిదికి ఇల్లు. తొమ్మిది రోజుల తరవాత ఆదివారం తిరుగు బస్సు. ఈ మాత్రానికి ఆయన గళ్ళ కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్నులు వాడాడు.

కిందటి సెలవుల్లో ప్రయాణం సంగతి తల్లీకూతుళ్ళు చూసుకున్నారు. "బస్సు నాలుక్కేనే" అని తల్లి, "అయిదుకమ్మా" అని కూతురు ఫోన్లో వాదించుకుంటూ ఉండగా అది మూడున్నరకే వెళ్ళిపోయింది. తరవాతి బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరక్క, ఆ పిల్ల ఖాళీ హాస్టల్లో తొమ్మిది రోజులూ గడిపింది. ఇల్లు చూసి ఏడు నెలలైంది. ఈసారీ తప్పిపోతే మళ్ళీ పరీక్షలయ్యాకే, అంటే ఇంకో అయిదు నెలలకి. తల్లి ఈ లెక్క పైకి అనడం మానేసింది. అంటే ఏడుపొస్తోంది.

"ఈసారి అంతా నేనే చూస్తాను," అన్నాడు గుమాస్తా. "సెలవు చీటీ కూడా నేనే రాసి పంపిస్తాను."

భార్య ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. "మీకెందుకండీ శ్రమ. చీటీ నేను చూసుకుంటాలెండి."

"ఫైల్లో తండ్రి సంతకం ఉందట, దానితో సరిపోవాలట. కొత్త వార్డెన్ రూలు పెట్టింది. మంచి రూలే. తండ్రి సంతకం నేను పెట్టకపోతే ఎవరు పెడతారు?"

ఈ ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు ఉంది. ఆవిడ మళ్ళీ గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది.

గుమాస్తా పని గురించి ఇక్కడ చెప్పకపోతే కథ నడవదు. రిజిస్ట్రారు ఆఫీసులో పాత కాగితం మీది సంతకాన్నీ, కొత్త కాగితం మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చూడటమే ఇరవై మూడేళ్ళుగా ఆయన ఉద్యోగం. కుదిరితే "సరిపోలింది" అని రాస్తాడు. కుదరకపోతే ఎర్ర సిరాతో "సంతకం సరిపోలలేదు" అని రాసి వెనక్కి పంపేస్తాడు. ముసలివాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, పెన్ను పట్టి పదేళ్ళయినవాళ్ళు, ఎవరు ఎంత బతిమాలినా అంతే. ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని భూతద్దం అంటారు. ఆయనకు తెలుసు, లోపల కాస్త గర్వం కూడా.

సరే, చీటీ రాశాడు, సంతకం పెట్టాడు, ఫొటో తీసి, ప్రింటు తీయించి ఇమ్మని కూతురికి పంపాడు. పథకంలో మొదటి గడి మీద టిక్కు కొట్టి ఆఫీసుకు వెళ్ళాడు. పదకొండింటికి కూతురి ఫోను.

"నాన్నా, చీటీ వెనక్కొచ్చింది."

"ఎందుకు?"

"ఎర్ర సిరాతో రాశారు. సంతకం సరిపోలలేదట."

ఆ మాటలు రాయడమే గాని వినాల్సి రావడం గుమాస్తాకు అదే మొదటిసారి.

"నాన్నా, అమ్మకోసారి ఫోనివ్వవా?"

"నేను ఆఫీసులో ఉంటే అమ్మెక్కణ్ణించి వస్తుందే? ఫొటో వంకరగా వచ్చుంటుంది. నువ్వేం కంగారుపడకు, గంటలో ఇంకోటి పంపిస్తాను."

ఈసారి తెల్ల కాగితం తీసుకుని, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా, ముత్యాల్లా సంతకం పెట్టాడు. నెమ్మదిగా పెట్టిన సంతకం దొంగ సంతకంలాగే ఉంటుందని పదిమందికి పాఠం చెప్పిన మనిషి. తన దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం గుర్తు రాలేదు. పైగా పై అధికారిని బతిమాలి పక్కన గుండ్రటి సీలు కూడా వేయించి, కాలేజీ ఆఫీసుకు నేరుగా ఈమెయిల్లో పంపాడు.

అదే సమయానికి ఇంట్లో తల్లి ఫోను మోగింది.

"అమ్మా, కొంప మునిగింది," అంది కూతురు. "నాన్న తన సంతకం తనే పెట్టేశాడు."

"నేను చెప్తూనే ఉన్నానే, చీటీ నేను చూసుకుంటానని. వింటేనా."

"ఇప్పుడేం చెయ్యమంటావు? బుధవారం లోపల ఇవ్వకపోతే పంపించనంటోంది వార్డెన్."

"ఉండు. మామూలు సంతకంతో నేనొకటి పంపిస్తా. అదిచ్చెయ్."

మామూలు సంతకమంటే ఆవిడ పెట్టే భర్త సంతకం. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, పరీక్ష దరఖాస్తులు, విహారయాత్ర ఒప్పుకోలు చీటీలు, చివరికి కాలేజీ దరఖాస్తు, అన్నిటి మీదా తండ్రి స్థానంలో ఉన్నది ఆ సంతకమే. దానికీ తండ్రికీ ఏ సంబంధమూ లేదు.

సాయంత్రం నాలుగింటికి వార్డెన్ బల్ల మీదికి రెండు చీటీలూ ఒకేసారి చేరాయి. ఒకే తండ్రి, ఒకే రోజు, రెండు చేతులు. ఒకటి ఫైలుతో అచ్చంగా సరిపోయింది. రెండోదానికి సీలుంది గాని సంతకం వేరు. ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లల హాస్టళ్ళు చూసిన మనిషి కాబట్టి వార్డెన్‌కు విషయం క్షణంలో అర్థమైపోయింది. అర్థమైంది తప్పని ఆవిడకు ఎవరు చెప్తారు? ఫైల్లో ఉన్న ఫోను నంబరుకు చేసింది. అది కూడా తల్లిదే.

"చూడమ్మా, చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. బయట మగమనిషి ఎవరో మీ ఆయన పేరుతో మీ అమ్మాయికి చీటీలు రాసిస్తున్నాడు. దస్తూరి చూస్తే కుర్రాడు కూడా కాదు, వయసు మళ్ళినవాడిలా ఉన్నాడు. ఎక్కడిదో సీలు కూడా సంపాదించాడు."

"అయ్యో, ఆయన అలాంటివాడు కాదండీ," అని నోరు జారింది తల్లి.

వార్డెన్ గొంతు తగ్గించింది. "అంటే అతను మీకు తెలుసా?"

"కొద్దిగా," అంది ఆవిడ.

దాంతో వ్యవహారం ముదిరింది. అమ్మాయికి సెలవు ఆపేశారు. శుక్రవారం పదకొండింటికల్లా తల్లీ తండ్రీ ఇద్దరూ గుర్తింపు కార్డుతో వచ్చి నిలబడాలి, లేకపోతే సెలవుల సంగతి మరిచిపోవచ్చన్నారు. సంతకం మళ్ళీ కుదరలేదట, ఇద్దర్నీ రమ్మన్నారని మాత్రం ఆవిడ భర్తకు చెప్పింది.

నిజం చెప్పేద్దామని ఆవిడ మంగళవారం సాయంత్రం గట్టిగా అనుకుంది. గుమాస్తా ఆఫీసు నుంచి వచ్చి వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి నూట పది సంతకాలు చూసిన కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏమండీ, ఒకరి సంతకం ఇంకొకరు పెట్టారనుకోండి. మంచికే అనుకోండి..."

"మంచికేంటి, చెడుకేంటి," అన్నాడు కళ్ళు తెరవకుండా. "దొంగ సంతకం పెట్టినవాణ్ణి నేను జాలి చూపించి వదిలిన రోజు లేదు. ఇంట్లోవాళ్ళయినా అంతే."

ఆవిడ టేపు మెడలో వేసుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. కక్కలేక మింగలేక ఆ మూడు రోజుల్లో పద్నాలుగు చొక్కాలు కుట్టింది. వాటిలో రెండింటికి కాలర్లు తిరగేసి కుట్టింది.

శుక్రవారం తెల్లవారుజాము బస్సులో అయిదు గంటలు కూర్చుని ఇద్దరూ నడుములు పట్టుకుంటూ దిగారు. వార్డెన్ గదిలో గోడకు ఆనుకుని కూతురు నిలబడి ఉంది. చిక్కిపోయింది. తల్లిని చూసి నవ్వబోయి, వార్డెన్ని చూసి ఆగిపోయింది.

గుమాస్తా గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాడు. వార్డెన్ ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"మనిషి మీరే," అంది. "సంతకమే మీది కాదు."

ఇరవై మూడేళ్ళ ఉద్యోగం ఒక్కసారి గుమాస్తా నెత్తికెక్కింది. "ఆ ఫైలు ఒకసారి ఇటిప్పించండి మేడమ్. ఇది నా పని." జేబులోంచి భూతద్దం తీశాడు. భార్య బల్ల కింద ఆయన కాలు తొక్కింది. చోటు చాలలేదు కాబోలనుకుని ఆయన కాలు పక్కకు జరుపుకున్నాడు.

"మీరు సరిగ్గానే పట్టుకున్నారు, కానీ తిరగేసి పట్టుకున్నారు," అన్నాడు కాసేపటికి. "దొంగవి నా చీటీలు కావు. ఫైల్లో ఉన్నవన్నీ దొంగ సంతకాలు. ఇదిగో, ఇక్కడ పెన్ను ఎత్తారు. నేను ఎత్తను. చివర తోక లేదు. నేను తోక లేకుండా పెట్టను. ఇదేదో ఒకటీ అరా కాదు, ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి."

"కాలేజీలో చేరిన దరఖాస్తు మీద కూడానా?"

"నిస్సందేహంగా. దాని మీదా దొంగదే."

వార్డెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఇక సెలవు సంగతి కాదండీ. దొంగ సంతకంతో చేరిందంటే ఈ అమ్మాయి చేరికే చెల్లదు. ప్రిన్సిపాల్‌కి రాయాలి నేను. ఎవరు పెట్టి ఉంటారంటారు?"

గోడ దగ్గర కూతురు చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. గుమాస్తా, దొంగను పట్టేద్దామని దరఖాస్తు మీదికి ఇంకా కిందికి వంగాడు. సంతకం కింద తేదీ ఉంది. అందులో ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత ఉంది. భార్య కుట్టు కొలతల పుస్తకంలో రోజూ చూసే ఏడు. దాని పైన "ప్రత్యేకంగా చెప్పవలసినవి" అన్న గడిలో అదే చేత్తో రాసి ఉంది: "మొదటి వారం ఏడుస్తుంది. ఎందుకని అడగకండి, అడిగితే ఎక్కువవుతుంది. దానంతటదే మానేస్తుంది."

గుమాస్తాకు ఇది తెలియదు. తన కూతురు ఏడిస్తే ఎలా మానుతుందో ఆయనకు తెలియదు, ఈ వార్డెన్‌కు తెలుసు. భార్య వైపు చూశాడు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. సిగ్గేసింది.

"నావే," అన్నాడు.

"ఏవి?"

"ఈ సంతకాలన్నీ నావే మేడమ్. కార్డు మీద ఉన్నది పాత సంతకం. తరవాత మార్చుకున్నాను. చీటీల మీద పొరపాటున పాతది పడింది."

"ఇందాక దొంగవన్నారు?"

"కొత్తవి కదా. నాకే ఇంకా అలవాటు కాలేదు."

వార్డెన్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. తెల్ల కాగితం ఒకటి ముందుకు తోసింది. "అయితే ఫైల్లో ఉన్నది నా ఎదురుగా ఒకసారి పెట్టండి."

"కాసిని మంచినీళ్ళు తాగొస్తాను," అన్నాడు గుమాస్తా. "ఒంటరిగా తాగలేను, మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్తాను."

వరండా చివర బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ సంచీలోంచి పెన్ను తీసి, కుట్టుకూలీ రాసుకునే చీటీ వెనక ఆయన సంతకం పెట్టి చూపించింది.

"మొదటి అక్షరం కింద నుంచి ఎత్తుకోండి. ఇక్కడ పెన్ను ఎత్తాలి. తోకొద్దు."

"నా సంతకానికి తోకుంటుంది."

"మీదానికి ఉండొచ్చండీ. దీనికి లేదు."

రెండు సార్లు పెట్టాడు. రెండు సార్లూ తోక వచ్చింది. "ఎప్పట్నించి?" అని అడిగాడు తలెత్తకుండా.

"ఒకటో క్లాసు నుంచి. ప్రోగ్రెస్ కార్డు మూడు రోజులు మీ బల్ల మీదుంది. సంతకం లేదని నాలుగో రోజు దాన్ని క్లాసులో నిలబెట్టారు. తండ్రి సంతకమని అచ్చేసిన చోట నా పేరు పెడితే వెనక్కి పంపించారు. ఇంకేం చెయ్యను?"

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పాను. అక్కడ పెట్టు, చూస్తానన్నారు."

ఊళ్ళోవాళ్ళందరి సంతకాలూ చూశాడు. బిడ్డ కాగితం ఒక్కటీ చూడలేదు. పెన్ను మళ్ళీ పట్టుకున్నాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని, పలక మీద దిద్దించినట్టు దిద్దించింది. పదిహేడోసారికి తోక ఊడింది.

వార్డెన్ ఎదుట పద్దెనిమిదోసారి పెట్టాడు. అక్షరాలు కాస్త వణికాయి. వార్డెన్ ఆయన భూతద్దమే అడిగి తీసుకుని, ఫైలునూ కాగితాన్నీ చాలాసేపు చూసింది.

"సరిపోలింది," అంది చివరికి. "చూశారా, మీ అసలు సంతకం ఎంత బాగుందో. ఆ పాతది ఇంకెప్పుడూ పెట్టకండి. చూడగానే అనుమానమొస్తుంది."

"పెట్టనండి," అన్నాడు గుమాస్తా.

మూడు గంటల బస్సు ముగ్గురూ ఎక్కారు. కూతురు కిటికీ పక్కన తల్లి భుజం మీద తల వాల్చి ఊరు దాటకముందే నిద్రపోయింది. గుమాస్తా నిద్రపోలేదు. అయిదు గంటలూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున కూతురు సంచీలోంచి ఒక కాగితం తీసి, అలవాటు ప్రకారం మిషను వైపు నడిచింది. హాస్టల్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు ఇవ్వాల్సినది, తండ్రి సంతకంతో. గుమాస్తా చెయ్యి చాచాడు. తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకున్నారు. కాగితం ఆయన చేతిలోకొచ్చింది.

ఆయన దాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివాడు. కళ్ళజోడు పవరెంతని అడిగాడు. ఏ మందు పడదని అడిగాడు. గదిలో తోడెవరుంటారు, రాత్రిళ్ళు నిద్ర పడుతుందా, కిందటి సెలవుల్లో ఒక్కదానివీ ఏం చేశావని కూడా అడిగాడు. ఆ చివరిది కాగితంలో లేదు. కూతురు మొదట పొడిపొడిగా చెప్పింది, తరవాత కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. కాగితం పూర్తవడానికి రెండు గంటలు పట్టింది.

సంతకం దగ్గరికి వచ్చాక, ఆయన పాత పేపరు అంచు మీద మూడుసార్లు ప్రయత్నించి చూసుకున్నాడు. నిట్టూర్చి, కాగితాన్ని భార్య ముందుకు జరిపాడు.

"ఇది నువ్వే పెట్టెయ్. నాకింకా చెయ్యి తిరగలేదు."