టెస్సా బొటనవేలి గైర్హాజరు

నిప్పు కనుక్కున్న తర్వాత మానవజాతి వేసిన అతి పెద్ద ముందడుగు పిల్లలకు అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ పలకలు పంచడమేనని మా పాఠశాలల మండలి ప్రకటించింది. (నిప్పును కూడా కలుపుకోవడం వాళ్ళ పెద్దమనసు.) ఇకపై ఉపాధ్యాయుడు పేర్లు పిలవనక్కర్లేదు, తలెత్తి చూడనూ అక్కర్లేదు. పిల్లలు పలక మీద బొటనవేలు ఆనిస్తే వచ్చినట్టు. మూడుసార్లు ఆనించినా పలక గుర్తుపట్టకపోతే రానట్టు.

వేలిముద్రలు సెప్టెంబరులో, ఎండలో తీసుకున్నారు. ఇప్పుడు జనవరి. కెనడాలోని సస్కచెవాన్‌లో మా ఊరి పిల్లలు ఎంత చలైనా గంట కొట్టేదాకా బయటే ఆడతారు. లోపలికొచ్చేసరికి వాళ్ళ వేళ్ళు వేళ్ళలా ఉండవు.

"ఫేర్ సార్, ఇది నన్ను రాలేదంటోంది," అంది నా తరగతిలోని టెస్సా కోవల్చుక్, పలక నాకు చూపిస్తూ.

"వచ్చావు కదమ్మా!"

"నాకు తెలుసు సార్. దానికి చెప్పండి."

"అంటే నువ్వు దెయ్యానివే!" అన్నాడు వెనక బెంచీ కోడీ.

"దెయ్యాన్నైతే నీ శాండ్‌విచ్ ఎప్పుడో మాయమయ్యేదిరా."

నవ్వింది గానీ ఆ పిల్ల గోడ గడియారం వైపే చూస్తోంది. ఆ మధ్యాహ్నమే పక్క ఊరి బడితో కర్లింగ్ ఫైనల్. మంచు మీద బరువైన రాయిని జార్చి గుండ్రటి గీతల నడుమ ఆపే ఆట అది. మా జట్టులో చివరి రాయి టెస్సాది. బడికి రానివాళ్ళు బడి తరఫున ఆడకూడదని నిబంధన.

నా భార్య మార్లిస్ పోయినా, ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా టీ పోసే అలవాటు నన్ను వదల్లేదు. ఆ రెండో కప్పు టెస్సా చేతుల్లో పెట్టాను. కప్పుకి ఒక పని దొరికింది. వేలు మెల్లగా ఎర్రబడింది. మళ్ళీ ఆనించింది. ఈసారి పలక ఆమెను చక్కగా గుర్తుపట్టి, "స్వాగతం, టెస్సా! నువ్వు ఈ రోజు బడికి రాలేదు," అంది.

హాజరు నిర్ధారణ విభాగానికి ఫోన్ చేశాను. ట్రెంట్ అనే కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మాయి నా ఎదురుగానే ఉంది బాబూ."

"ఎదురుగా ఉండటం వేరు, హాజరు కావడం వేరు సార్. తన పలకలోంచే విన్నపం పంపమనండి."

"అది తెరుచుకోవడం లేదు."

"రానివాళ్ళకి తెరుచుకోదు సార్. భద్రత కోసం."

"పోనీ, నువ్వే ఆ పిల్లతో మాట్లాడు."

"బడివేళల్లో విద్యార్థులతో మాట్లాడకూడదు సార్."

"రాలేదన్నావు కదయ్యా?"

"పై వాళ్ళని కనుక్కుని చెబుతాను," అన్నాడు. (ఇంకా కనుక్కుంటున్నాడు. మంచి కుర్రాడు.)

మా ప్రధానోపాధ్యాయురాలు డోరీన్ మేడమ్ అంతా విని, కళ్ళజోడు సవరించుకుని, ఆట నిబంధనలు తెప్పించింది.

"జట్టులో ఒకరు గైర్హాజరైతే, ఆ రోజు బడిలో లేని ఊరి పిల్లల్లో ఎవరినైనా బదులు ఆడించొచ్చట. టెస్సా, ఈ రోజు నువ్వు బడిలో ఉన్నావా?"

"పలక లేనంటోంది మేడమ్."

"అయితే నీ బదులు నువ్వు ఆడతావా?"

"ఆడతాను మేడమ్. కానీ నేను బాధపడితే?"

"నీకు నేను నచ్చజెబుతాలే."

ఆ మధ్యాహ్నం టెస్సా బదులు వచ్చిన టెస్సా చివరి రాయిని తాపీగా వదిలింది. అది ఎదుటి జట్టు రాయిని పక్కకు నెట్టి, నట్టనడుమ కూర్చుంది. ఊరంతా అరిచింది. కోడీ ఎవరూ అడగకుండానే తన శాండ్‌విచ్‌లో సగం తుంచి ఇచ్చాడు.

మర్నాడు మండలి నుంచి టెస్సా తల్లికి అభినందన వచ్చింది: "బడికి రాని రోజున మీ అమ్మాయి అసాధారణ ప్రతిభ కనబరిచింది. ఈ పద్ధతినే కొనసాగించవలసిందిగా కోరుతున్నాము."