వెర్లిన్ చెయ్యి ఊపాడు

శనివారం పొద్దున్నే వెర్లిన్ టోర్గెసన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరు లేవకముందే పడవ తీసుకుని సరస్సులోని రెల్లు మడుగుకి వెళ్ళాలి, ఒక్క పెద్ద బ్లూగిల్ చేపను పట్టాలి, ఎవరి కంటా పడకుండా తిరిగి రావాలి. జూన్‌లో బ్లూగిల్ మగచేపలు ఇసుకలో గుంటలు చేసుకుని గుడ్లకు కాపలా కాస్తాయి. అరచేతిలో పట్టనంత పెద్ద చేపలు కాపలా కాస్తున్న చోటు అతను నిన్ననే కనిపెట్టాడు. మా మిన్నెసోటాలో ఇలాంటి చోటు సంగతి కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పరు.

ఎర దుకాణం గోడ మీద ఏటా ఆ వేసవిలో పట్టినవాటిలోకెల్లా పెద్ద బ్లూగిల్ ఫొటో పెడతారు. కొన్నేళ్ళుగా ఆ ఫొటోలో వెర్లిన్ బావమరిది డువేన్ పళ్ళికిలిస్తున్నాడు. డువేన్ వానపాముతో పడతాడు. వెర్లిన్‌ది ఫ్లై గాలం. ఈకలూ దారమూ చుట్టి తనే ఒక దొంగ పురుగును తయారుచేసి, గాలం తాడును తల మీదుగా ముందుకీ వెనక్కీ ఆడించి, ఆ పురుగును నీటి మీద నిజంది వాలినట్టే వాలుస్తాడు. వానపాములవాళ్ళంటే అతనికి మహా చులకన. ఆ చులకన ఊరందరికీ చెప్పుకున్నాడు కూడా. గోడ మీద ఫొటో పడకపోతే ఇక దుకాణంలో తలెత్తుకోలేడు.

"ఎక్కడికి?" అంది భార్య మార్లిస్ దుప్పట్లోంచి.

"ఊరికే, గాలికి."

"గాలికి వెళ్ళేవాడికి గాలం కర్ర ఎందుకో?"

"తోడుకి."

మడుగులో పడవ ఆపి, లేచి నిలబడి, వెర్లిన్ తాడు ఆడించడం మొదలుపెట్టాడు. సన్నటి తాడు దూరానికి కనబడదు. అవతలి ఒడ్డున కాఫీ తాగుతున్న లవోన్ ఎక్‌డాల్ అనే పెద్దావిడకి మాత్రం, పడవలో ఒక మనిషి నిలబడి ఆపకుండా చెయ్యి ఊపుతున్నట్టు కనబడింది. మా సరస్సు మీద ఒకసారి చెయ్యి ఊపితే పలకరింపు. ఆపకుండా ఊపితే ప్రాణం మీదికొచ్చిందని.

ఆవిడ కాఫీ ఫ్లాస్కుతో సహా పడవేసుకుని వచ్చేసింది. "నాయనా వెర్లిన్! మోటారు చెడిపోయిందా?"

"అబ్బే, బాగానే ఉన్నాను పిన్నిగారూ."

అక్కడే కొంప మునిగింది. మా వైపు మనిషి కాలు విరిగినా బాగానే ఉన్నానంటాడు. మొహం మాడ్చుకుని మరీ అన్నాడంటే ఆంబులెన్సుని పిలవాల్సిందే.

"పోనీ కాస్త కాఫీ తాగు."

"వద్దండీ."

"ఒక్క గుక్క."

"అయ్యో, వద్దండీ."

"చల్లారిపోతుంది నాయనా."

మా దగ్గర మొదటి రెండు 'వద్దు'లూ మర్యాదకి. మూడోది అన్నవాడు మనిషే కాదు. వెర్లిన్ కాఫీ తాగాడు.

ఆగిన పడవను దాటిపోవడం ఇక్కడ పాపం. రెండు పడవలు ఆగి ఉంటే మహాపాపం. అటుగా వచ్చిన పాస్టర్ ఓడెగార్డ్ మోటారు ఆపి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"బాగానే ఉన్నానంటున్నాడు," అంది లవోన్ గొంతు తగ్గించి.

"అంత పనైందా!" పాస్టర్ టోపీ తీసి, మార్లిస్‌కి ఫోన్ చేశాడు.

అందరూ దయచేసి వెళ్ళిపోండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట వెర్లిన్ నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాళ్ళ అమ్మ పెంపకం అడ్డొచ్చింది. నవ్వి, ఇంకోసారి తాడు విసిరాడు.

పురుగు నీటి మీద వాలిందో లేదో, గుటుక్కున మాయమైంది. కర్ర విల్లులా వంగింది. పళ్ళెమంత చేప, నారింజ రంగు రొమ్ముతో, పడవ చుట్టూ గింగిరాలు తిరిగింది. వెర్లిన్‌కి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. పాస్టర్ ఫోనుకి తమ్ముడి పడవలో పరుగున వస్తున్న మార్లిస్ ఆ కన్నీళ్ళు దూరం నుంచే చూసింది.

"ఒరే డువేన్, ఏడుస్తున్నాడ్రా! తొందరగా పోనీ!"

"బావా! కదలకు! నేనొచ్చేశా!" అంటూ డువేన్, వెర్లిన్ పడవను కట్టి లాగడానికి మోకు విసిరాడు. మోకు సరిగ్గా గాలం తాడు మీద పడింది. తాడు పుటుక్కుమంది.

"పర్లేదు," అన్నాడు వెర్లిన్. అతని గుండె పగిలిపోయింది.

మార్లిస్ హాట్‌డిష్ తెచ్చింది, అంటే మాంసమూ బంగాళాదుంపలూ కలిపి ఓవెన్‌లో వండే మా వైపు వంటకం. తెచ్చినది తినకుండా వెళ్ళడం అవమానం కనక అందరూ పడవలు ఒకదానికొకటి కట్టుకుని తింటూ కూర్చున్నారు. చేతులు ఊరికే ఉండడం దేనికని లవోన్ తన గాలానికి హాట్‌డిష్‌లోని మాంసం ముక్క గుచ్చి వేసింది. కాపలా చేపకు కోపమే తప్ప బుద్ధి ఉండదు. వెంటనే పట్టేసింది.

"అమ్మో, ఎంతుందో! ఇదేంటి, మూతికి ఏదో ఈక ముక్క అంటుకుందే!" ఆవిడ దాన్ని పీకి నీళ్ళలో పారేసింది. డువేన్ గబగబా వానపాముల డబ్బా మూత తీశాడు.

ఆ సాయంత్రమే ఎర దుకాణం గోడ మీద కొత్త ఫొటో పడింది. లవోన్ చేతిలో చేప ఉంది. వెనక పడవలో, ఫొటో వద్దంటూ చెయ్యెత్తిన వెర్లిన్ ఉన్నాడు. కింద ఇలా రాశారు: 'తన చోటుకి అందరినీ చెయ్యి ఊపి మరీ పిలిచిన వెర్లిన్‌కి కృతజ్ఞతలతో.' ఆదివారం చర్చి అవగానే సరస్సు మీది పడవలన్నీ రెల్లు మడుగులోనే ఉన్నాయి.

వెర్లిన్ ఇంకో మడుగు వెతుక్కున్నాడు. తరవాతి శనివారం ఎర దుకాణానికి వెళ్ళి, అటూ ఇటూ చూసి, ఒక డబ్బా వానపాములు కొన్నాడు. వాటితో పట్టడానికి చెయ్యి ఊపనక్కర్లేదు.