పత్తి మీద పులి అడుగులు

ఆ రోజు పొద్దున ఈదమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలు అక్షర పంపే ఫొటో చూడాలి, చూసి ఏడవకుండా ఉండాలి.

అక్షర జనగామలో డిగ్రీ రెండో ఏడు, జంతుశాస్త్రం చదువుతోంది. కాలేజీ వాళ్లు మంచుకొండల్లో వారం రోజుల శిబిరానికి తీసుకుపోతామంటే తండ్రి చంద్రయ్య వద్దన్నాడు. ఈదమ్మ కొడుకుతో మూడు రోజులు మాటలు మానేసి మరీ ఒప్పించింది. నిజానికి ఎవరు గడప దాటినా ఆమె గుండె దడదడలాడుతుంది. మధ్యాహ్నం అన్నానికి వస్తానని రైలెక్కిన భర్త కోసం మూత పెట్టిన గిన్నె పక్కన మూడు రోజులు కూర్చున్న మనిషి ఆమె. కానీ మనవరాలి పుస్తకాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. పుస్తకంలో ఉన్న జంతువును కళ్లారా చూడాలన్న ఆ పిల్ల ఆశ ఆమెకే అర్థమైంది.

చంద్రయ్య ఒప్పుకుంటూనే షరతు పెట్టాడు.

"పోనీయమంటివి, పోనిచ్చిన. నువ్వు ఒక్కపారి ఏడ్చినవో, తెల్లారే పిల్లను ఎనక్కి పిలిపిస్త. రోజూ నీ ఏడుపు ఎవరు సూస్తరే అవ్వా?"

"నేనెందుకు ఏడుస్త? నా కండ్లు ఎన్నడో ఎండిపోయినయి," అంది ఈదమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

నాలుగో రోజు ఫొటోలో అంతా తెలుపే. ఒక మూలన అక్షర బూట్లు, వాటిని ఆనుకుని వరుసగా ఏదో జంతువు అడుగులు. కింద, "నాయినమ్మా, మా దగ్గరికి ఎవరొచ్చిండ్రో చెప్పుకో!" అని రాసి ఉంది.

భూపాలపల్లి అడవిలో పులి తిరుగుతోందని ఆ నెలే పేపర్లో అడుగు బొమ్మ వేశారు. ఇదీ అట్లాగే గుండ్రంగా ఉంది. అక్షరకు ఫోన్ చేస్తే కలవలేదు. కొడుక్కి చెబుదామంటే షరతు. అందుకని భూపాలపల్లిలో ఉన్న కూతురు రాజీకి ఆ ఫొటో పంపి, గొంతు తగ్గించి నాలుగు మాటలు రికార్డు చేసింది.

"రాజీ, పులి అడుగులు సూసినవా? మన పిల్ల బూట్ల పక్కపొంటే ఉన్నయి. మీ అన్నకు జెప్పకు. సంగతి బయటికి పొక్కొద్దు. నేనైతే ఏడుస్తలేను, చలికి ముక్కు కారుతున్నది."

ఆ ఫోను చంద్రయ్య వాడి వదిలేసింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో అతనికి పత్తి కొనే యార్డు ఉంది. అతనికి పత్తి అమ్మే రైతుల వాట్సాప్ గ్రూపు ఇంకా ఆ ఫోన్లో అన్నిటికంటే పైనే ఉంది. ఫొటో, మాటలు రెండూ రాజీకి కాక ఆ గ్రూపులో పడ్డాయి.

జనవరి నెలలో ఆ ప్రాంతంలో నేల మీద తెల్లగా పరుచుకునేది పత్తి ఒక్కటే. మంచు అన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"సేటు యార్డుల పత్తికుప్ప మీద పులి తిరుగుతుంటే మాకు జెప్పకుండ దాస్తున్నరా?" అని మొదట లేచింది దేవరుప్పుల ఎల్లేశ్.

ఇంకొకాయన ఫొటోను పెద్దది చేసి చూశాడు. "పులి సంగతి తర్వాత. ఆ మెరుపు సూడుండ్రి ముందు! తూకం పెరగాలని పత్తికి నీళ్లు కొట్టిండ్రు. మనం తెస్తే తేమ ఉన్నదని వంక పెట్టి, ఎండబెట్టి తెమ్మంటడు. ఆయన కుప్పల సూడు, అడుగేస్తే దిగబడ్తున్నది!"

గంటలో ఆ కబురు చిల్పూర్ దాటింది. మహబూబాబాద్ చేరేసరికి పులికి రెండు పిల్లలు పుట్టాయి, బూట్లు తప్ప ఏమీ మిగలని ఆడపిల్ల ఒకతి పుట్టుకొచ్చింది. యార్డుకు వస్తున్న ట్రాలీలు సగం దారిలోనే వెనక్కి తిరిగాయి.

అప్పుడు రాజీ ఫోన్ చేసింది.

"అవ్వా, మా దగ్గరి ఫారెస్టోళ్లు బోను ఏసుకొని మీ ఊరికే వచ్చిండ్రట! ఏమైందే?"

"నీకు పంపితి గదనే!"

"నాకేం రాలే."

ఈదమ్మ కళ్లజోడు తుడుచుకుని ఫోన్లోకి మళ్లీ చూసింది. చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా యార్డుకు పరుగెత్తింది.

అక్కడ జాతర అంత జనం. పత్తి ఎత్తే మోతీబాయి ప్రహరీ గోడెక్కి కూర్చుంది. "నేను దిగ! ముందు పులిని బయటికి తోలుండ్రి!" అని అరుస్తోంది. ఫారెస్టు ఆఫీసరమ్మ బోను దింపిస్తోంది. ఎల్లేశ్ మాత్రం కర్రకు గుడ్డ చుట్టి అగ్గిపెట్టె తీశాడు.

"పొగ పెడితే అదే ఉరుకొస్తది!"

పత్తికుప్పకు పొగ! ఈదమ్మ ఆగిపోయింది. నోరు తెరిస్తే తన భయం కొడుకు చెవిన పడి మనవరాలు రేపే వెనక్కి రైలెక్కుతుంది, తెరవకుంటే యార్డు బూడిదవుతుంది.

"ఆగు బిడ్డా! ఫొటోల ఉన్నది పత్తి కాదు, మంచు! మా అక్షర పోయిన కొండల మీది మంచు! తప్పు నాదే, వేరే దగ్గర ఒత్తిన!"

ఆఫీసరమ్మ ఫోన్ అందుకుని ఫొటో చూసింది. "గోర్లు దిగినయి సూడు పెద్దమ్మా. పులి నడిచేటప్పుడు గోర్లు లోపల దాసుకుంటది. ఇది కుక్క."

ఎల్లేశ్ అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. అప్పుడే యార్డు ఆఫీసు గదిలోంచి వెక్కి వెక్కి ఏడుపు వినిపించింది.

ఎల్లేశ్ తలుపు తోశాడు. లోపల ఉన్నది చంద్రయ్య. గ్రూపులో పడ్డ తల్లి మాటలు అతను అందరికంటే ముందే విన్నాడు. మంచు సంగతి తెలిసింది అతనొక్కడికే, అందుకే అందరికంటే ఎక్కువ భయపడ్డాడు. అప్పటి నుంచి తలుపు దగ్గరగా వేసుకుని కూతురికి ఫోన్ కొడుతూనే ఉన్నాడు. ఇప్పుడే వీడియోలో కలిసింది.

"బిడ్డా, బతికే ఉన్నవా బిడ్డా!"

"నాకేమైంది బాపూ? అది మేమున్న ఇంటి కుక్క. నిన్న మంచుల నక్కను గూడ చూసినం! పై కొండకు రేపు పోతున్నం..." అక్షర ముఖం ఉన్నట్టుండి వాడిపోయింది. "నాయినమ్మ ఏడ్చిందా? నన్ను రమ్మంటవా?"

ఈదమ్మ జనాన్ని తోసుకుంటూ కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"నేనెక్కడ ఏడ్చిన్నే? ఓ చంద్రయ్యా, షరతు నా ఏడుపుకే గద! సూడు, నా కండ్లు సూడు. బోను ఏసుకొని ఫారెస్టోళ్లు వచ్చినా నేను ఏడ్వలే."

చంద్రయ్య కండువాతో ముఖం దాచుకున్నాడు. "ఉండు బిడ్డా," అన్నాడు అందులోంచే. "మొత్తం సూసుకొనే రా."

"ఊకె మాటలెందుకు సేటూ?" అంటూ ఎల్లేశ్ బల్ల మీది తేమ చూసే మిషన్ అందుకున్నాడు. ముందు దాన్ని పత్తికుప్పలో గుచ్చాడు, తర్వాత చంద్రయ్య కండువాలో.

పత్తికి వంక పెట్టడానికేమీ దొరకలేదు. కండువాను మాత్రం ఎండబెట్టి తెమ్మన్నారు.