నాలుగు వేళ్ళ వెడల్పు

ఆ శనివారం పొద్దున్న కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి కారు టైర్ల షాపుకు వెళ్ళాలి. మధ్యాహ్నానికి వెనక చక్రాలకు కొత్త టైర్లూ, లోపల కొత్త సీట్లూ పడాలి. నాలుగింటికి అత్తగారిని అందులో ఎక్కించుకుని, ఆవిడ పాతికేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన స్కూల్లో దించాలి. నాలుగున్నరకు అక్కడ పాత విద్యార్థులంతా కలిసి ఆవిడ కోసం సభ పెట్టారు. ఆ సభలో మాట్లాడవలసిన నాలుగు ముక్కల్ని ఆవిడ పదిరోజులుగా రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ ఉన్నారు.

కారుకు రెండే తలుపులు. వేగం కోసమే పుట్టిన జాతి. అయితే ఈయన చేతికి వచ్చిన ఆరు నెలల నుంచీ ఇంటికీ షాపుకీ మధ్య, స్పీడ్ బ్రేకర్ల మీద కొత్త పెళ్ళికూతురిలా అడుగులో అడుగేస్తూ తిరుగుతోంది. దాని పౌరుషం నిలబెట్టాలంటే వెనక టైర్లు ముందువాటికంటే నాలుగు వేళ్ళు వెడల్పుండాలని ఆయన ఎక్కడో చదివాడు. డ్రైవరు సీటు రేసుల్లో వాడే రకం కావాలి. దానికి రెండు పక్కలా గట్లు లేచి, మనిషిని దొప్పలో పెట్టినట్టు పట్టుకుంటుంది. మిగతా సీట్లకు ఎర్రతోలు. ఇంట్లో మాత్రం భార్యతో "చిన్న సర్వీసింగు" అన్నాడు.

టైర్లు పడ్డాయి. వెనక నుంచి చూస్తే కారు పీట మీద కూర్చున్న పహిల్వానులా ఉంది. టైర్లాయన వెనక సీట్లో కూర్చోగా ఇద్దరూ ఒక చుట్టు తిరిగి వచ్చారు. మొదటి గుంట దగ్గరే వెనక నుంచి గాజు మీద గోరుతో గీసినట్టు ఒక కీచుమన్న శబ్దం వచ్చింది. టైర్లాయన కంగారుపడలేదు. చక్రం మీది రేకు అంచు టైరుకు రాసుకుంటోందని, దాన్ని లోపలికి మడిచే మనిషి సోమవారం గాని రాడని, అంతవరకూ వెనక బరువు పెట్టొద్దని చెప్పాడు. అత్తగారు కూర్చునేది ముందు సీట్లోనే కాబట్టి కళ్ళజోళ్ళాయన కూడా కంగారుపడలేదు. కారును సీట్లు కుట్టే దర్జీకి అప్పగించి, షాపుకు వెళ్ళి ముగ్గురి కళ్ళు పరీక్షించి, పన్నెండున్నరకు ఇల్లు చేరాడు.

చేరేసరికి దర్జీ ఫోను. డ్రైవరు సీటు బిగించేశాడట. దాని పక్క సీటు విప్పాక తోలు చాలలేదట. అది సోమవారం ఇస్తానని, కారు మాత్రం మూడింటికి తానే తెచ్చి ఇంటి ముందు పెడతానని చెప్పి పెట్టేశాడు.

అంటే ముందు సీటు లేదు. వెనక బరువు పెట్టకూడదు. కళ్ళజోళ్ళాయన వరండాలోకి వెళ్ళి టైర్లాయనకు ఫోన్ చేశాడు. వరండాలోకి అత్తగారి గది కిటికీ ఉంది. లోపల ఆవిడ ఉపన్యాసం పైకి చదువుకుంటూ, అల్లుడి గొంతు విని మర్యాదగా ఆపారు. అందువల్ల ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"పాతదే కదండీ, దానికంత ఓర్పుండదు. ముందు చోటు లేదు. వెనక కూర్చోబెడితే ఏడుస్తుంది." కాసేపాగి, "అరవై కిలోలు దాటకూడదా? ఎంతుంటుందో నాకేం తెలుసండీ. మా అత్తగారాయె, తక్కెట్లో పెట్టి తూచలేను కదా."

పాతదన్నది కారు. ఏడ్చేది టైరు. ఆ సంగతి కిటికీ దాటి లోపలికి వెళ్ళలేదు. పెద్దవాళ్ళను 'వచ్చింది' అనకూడదు, 'వచ్చారు' అనాలని పాతికేళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన మనిషికి, బరువు మాట కంటే ఆ 'ఏడుస్తుంది' ఎక్కువగా గుచ్చుకుంది.

భోజనాల దగ్గర ఆవిడ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. ఏమైందని కూతురు అడిగితే, మనిషి తేలిగ్గా ఉంటే మోసేవాళ్ళకు సుఖమన్నారు. సభంటే బెదురు కాబోలనుకుంది కూతురు. ఆవిడ గదిలోకి వెళ్ళి, బరువు చూసే యంత్రం మీద నిలబడి, ఒక చీటీ మీద '47' అని రాసి తెచ్చి అల్లుడి మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. ఆయన దాన్ని సభలో తన కుర్చీ నంబరనుకున్నాడు. "గుర్తుంచుకుంటానండీ" అని జేబులో పెట్టుకున్నాడు.

మూడుంపావుకు ఆవిడ టాక్సీలో వెళ్తానన్నారు. అల్లుడు వెనకాముందూ చూడకుండా అదే మంచిదన్నాడు. ఆ మాటకు గదిలో గాలి బిగుసుకుపోవడం గమనించి, సర్దుదామని, "వెనక సీటు మీకు విశాలంగా ఉంటుంది కూడానూ" అన్నాడు. భార్య ఆయన వంక చూసిన చూపుకు అద్దాలు అవసరం లేదు. టాక్సీ కోసం ప్రయత్నిస్తే గంటన్నర పడుతుందన్నారు.

ఇక గత్యంతరం లేక ముగ్గురూ వీధిలోకి వచ్చారు. దర్జీ కారు పెట్టి వెళ్ళిపోయాడు. భార్య తలుపు తెరిచి, ముందు సీటు ఉండవలసిన చోట ఉన్న నాలుగు బోల్టుల్ని చూసింది.

"సర్వీసింగులో సీటు కూడా ఊడదీస్తారా?"

"ఉతకడానికి ఇచ్చాను."

భార్య వెనక్కి వెళ్ళి చక్రాల దగ్గర నిలబడింది. "ఇవి ఉతికితే ఉబ్బినట్టున్నాయి" అంది.

జవాబు చెప్పడం కంటే బయల్దేరడం మేలనిపించి, ఆయన కొత్త సీట్లో కూర్చోబోయాడు. దర్జీ వారం క్రితం ఫోన్లో నడుము కొలత అడిగినప్పుడు, ఆయన పెళ్ళినాటి కొలత చెప్పాడు. అబద్ధమాడాలని కాదు, ఆయనకు గుర్తున్న కొలత అదే. ఇప్పుడు ఆయన సీట్లోకి దిగలేదు, గట్ల మీదే ఆగిపోయాడు. తల కప్పుకు తగిలింది. స్టీరింగు పొట్టలో గుచ్చుకుంది. ఊపిరి బిగబట్టి ఒకసారీ, వదిలి ఒకసారీ ప్రయత్నించాడు. మూడోసారి భార్య చెయ్యి పట్టుకుని బయటికి లాగవలసి వచ్చింది.

అప్పటికి నాలుగైంది. అత్తగారు చేతిలోని కాగితాలు కూతురికిచ్చి, వెళ్ళి ఆ సీట్లో కూర్చున్నారు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"అమ్మా, నువ్వా?"

"డ్రైవరు రాని రోజుల్లో స్కూలు వ్యాను ఎవరు నడిపేవారనుకున్నావ్? లైసెన్సు ఇంకా రెండేళ్ళుంది. ఎక్కండి, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

భార్యాభర్తలు వెనక ఎక్కారు. కారు పదిగజాలు కదిలిందో లేదో కీచుమని మొదలైంది. వీధిలో ఇద్దరు తలలు తిప్పి చూశారు. ప్రతి గుంటకూ, ప్రతి మలుపుకూ అదే ఏడుపు.

"ఏమిటది?" అన్నారు అత్తగారు.

"టైరండీ. వెనక బరువెక్కువైతే ఏడుస్తుంది."

అద్దంలో ఆవిడ కళ్ళు అల్లుడి మీద ఆగాయి. "అయితే మధ్యాహ్నం వరండాలో మీరు పాతదన్నది?"

"కారునండీ." అప్పటికి ఆయనకు అన్నీ వరసగా అర్థమయ్యాయి. రెండు ముద్దల భోజనం, టాక్సీ, జేబులోని చీటీ. టైర్ల దగ్గర నుంచి దర్జీ దాకా ఏదీ దాచకుండా చెప్పేశాడు. చెప్పినంతసేపూ భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అత్తగారి ముఖం తేటపడింది. అయితే ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ కాకముందు సైన్సు టీచరు. వంతెన దగ్గర కారు పక్కకు ఆపారు.

"ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి. అమ్మాయ్, నువ్వు దిగు."

కూతురు దిగింది. కారు ముందుకు ఇరవై గజాలు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. ఏడుపు తగ్గలేదు. కూతురు మళ్ళీ ఎక్కింది.

"ఇప్పుడు మీరు, బాబూ."

ఆయన దిగాడు. కారు వెన్న మీద కత్తిలా వెళ్ళింది. పరీక్ష ముగిశాక అది వెనక్కి రావాలి. కాని అప్పటికి నాలుగుంపావు దాటింది, బడి ఇంకా కిలోమీటరున్నర ఉంది. కిటికీలోంచి అత్తగారి చెయ్యి ఒకటి బయటికి వచ్చి, నడిచి రమ్మన్నట్టు ఊగింది.

ఆయన చెమటలు కక్కుతూ హాల్లో అడుగుపెట్టేసరికి సభ సగమైంది. అత్తగారు వేదిక మీద, కాగితాలు పక్కన పెట్టేసి, వ్యాను నడిపిన రోజుల గురించి చెబుతున్నారు. జనం పడీపడీ నవ్వుతున్నారు. పదిరోజులు రాసిన ఉపన్యాసంలో ఆ ముక్క లేదు. గుమ్మంలో అల్లుణ్ణి చూసి ఆవిడ ఒక్క క్షణం ఆగారు.

"మా అల్లుడుగారు వచ్చారు. కాస్త వెడల్పుగా చోటివ్వండి."

'వచ్చారు' అన్న మాటను ఆవిడ కొంచెం ఒత్తి పలికారు. సభ అయ్యాక, పాత విద్యార్థులు ముచ్చటపడితే, అరవై కిలోల లోపువాళ్ళను ఒక్కొక్కరినే వెనక కూర్చోబెట్టుకుని ఆటస్థలం చుట్టూ తిప్పారు. వరసలో పదిహేడు మంది నిలబడ్డారు.

సోమవారం టైర్లాయన ఫోన్ చేసి, అంచు మడిచే మనిషి వచ్చాడు, కారు ఎప్పుడు తెస్తారని అడిగాడు. అత్తగారికి ఎప్పుడు వీలవుతుందో కనుక్కుని చెబుతానన్నాడు కళ్ళజోళ్ళాయన.